ఓడలున్న ఊరు

"దరఖాస్తులో నాలుగో పేరు తీసెయ్యమని మీరే చెప్పారా?"

లోపలికొచ్చిన మనిషి బూట్లైనా విప్పకముందే వదిన అడిగేసింది.

అతను పనిముట్ల సంచీ గోడవార దించి, వంగి, బూటు తాడు ముడి విప్పడం మొదలుపెట్టాడు. ముడి బిగుసుకుపోయి ఉంది. గ్రీజు మరకల వేళ్ళతో దాన్ని పీకుతూ, తల ఎత్తకుండానే అన్నాడు.

"ఎవరు చెప్పారు నీకు?"

"ప్లీడరమ్మ ఫోన్ చేసింది. మీరు ఎత్తలేదట. 'మీవారు రేవుకే ఖాయం చేశారు కదా, మీ మరిదిని వెనక్కి పంపే ఏర్పాట్లు ఎంతవరకొచ్చాయి' అని అడిగింది. ఏం చెప్పమంటారు? మా ఇంట్లో సంగతి నాకంటే నీకే బాగా తెలుసమ్మా అని చెప్పనా?"

"లిఫ్టు గుంటలో ఉన్నాను. ఫోను పైనే ఉండిపోయింది."

"నేనడిగింది ఫోను సంగతి కాదు."

ముడి ఊడింది. అతను బూట్లు పక్కన పెట్టి అలాగే ముక్కాలి పీట మీద కూర్చుండిపోయాడు. లేచి చేతులు కడుక్కుందామన్న ఆలోచన కూడా ఉన్నట్టు లేదు.

రేవు, కొండ అన్నవి ఆ ఇంట్లో రెండు ఊళ్ళకి పెట్టుకున్న పేర్లు. అసలు పేర్లు ఎవరికీ సరిగ్గా నోరు తిరగవు. రేవంటే సముద్రపుటొడ్డున ఆకాశాన్నంటే మేడలున్న మహానగరం. కొండంటే ఇంకో దేశంలో, ఎక్కడో కొండవాలుకి కరుచుకుని ఉన్న చిన్న పట్నం. ఇన్నేళ్ళుగా అద్దెకుంటున్న ఈ దేశం, ఇక మీ అనుమతి పొడిగించేది లేదు, వేసవి దాటకుండా వెళ్ళిపొండి అంది. వచ్చెయ్యండి, వచ్చి ఇక్కడే ఉండిపొండి అన్నవి ఈ రెండు ఊళ్ళే.

రేవు పిలిచింది అతన్ని. లిఫ్టులు బాగుచేసే మనుషులు అక్కడ దొరకడం లేదు. భార్యాబిడ్డలతో రమ్మంది. తమ్ముణ్ణి మాత్రం వద్దంది. వాడికి మూర్ఛలున్నాయనీ, వయసు ముప్పై దాటినా బుద్ధి పదేళ్ళ దగ్గరే ఆగిపోయిందనీ వాళ్ళ డాక్టరు తేల్చాడు. అలాంటివాళ్ళ భారం మోయడం మావల్ల కాదని ఆ దేశం మర్యాదగానే చెప్పింది.

కొండ పిలిచింది ఆమెను. ఇక్కడి ఆసుపత్రిలో ముసలివాళ్ళ వార్డులో నర్సుగా చేస్తున్న మనిషికి అక్కడ వృద్ధాశ్రమంలో ఆయా పని. ఇంట్లో ఎంతమంది ఉంటే అంతమందినీ, మరిదితో సహా, వెంటబెట్టుకు రమ్మంది.

"నాలుగు వారాలుగా మాట్లాడుకుంటూనే ఉన్నాం కదండీ," అంది వదిన. గొంతు తగ్గించింది. "నిన్నటిదాకా 'చూద్దాం' అన్నారు. చూద్దామన్న మనిషి పొద్దున్నే వెళ్ళి చెప్పేసొచ్చారు. ఒక్క మాట, ఒక్కటంటే ఒక్క మాట నాతో అనాలనిపించలేదా?"

"అంటే ఏమయ్యేది? ఇదే అయ్యేది."

"అయితే అయ్యేది!"

"ఆ కొండ మీద మూడంతస్తుల ఇల్లనేది లేదు. ఊరు మొత్తానికి ఆసుపత్రిలో ఒక్క లిఫ్టుందట, అది కూడా చెడిపోదట. నేనేం చెయ్యాలక్కడ? మేకల్ని ఎక్కించి దించాలా?"

మామూలుగా అయితే ఆ మాటకి ఇద్దరూ నవ్వేవాళ్ళే. ఎవరూ నవ్వలేదు.

"ఏదో ఒకటి దొరక్కపోదు."

"నీకు దొరికింది. నువ్వు ముసలాళ్ళ ఒళ్ళు తుడిచి వస్తావు. నేను కిటికీ దగ్గర కూర్చుని కొండని చూస్తూ ఉంటాను. ఎన్నాళ్ళు చూడమంటావు? చచ్చేదాకానా? ఇది నాలుగేళ్ళుండి వచ్చేసే ఊరు కాదు. వెళ్ళిన చోటే పాతుకుపోవాలి. పాతుకుపోయే చోటు ఎంచుకునేటప్పుడు నా చేతిలో పని ఉందా లేదా అని చూసుకోవడం కూడా తప్పేనా?"

"వాడు మీ తమ్ముడండీ. నా తమ్ముడు కాదు."

"అదీ! అందుకే నీకు సులువు." అతను ఉన్నట్టుండి లేచి నిలబడ్డాడు. "నీకు తమ్ముడు కాదు గనకే, వాణ్ణి చూసుకుంటే నువ్వు దేవతవి. ఈ మేడలో అందరూ నిన్ను చూసి చేతులు జోడిస్తారు. నేను చూసుకుంటే నా బాధ్యత. నన్నెవరూ మెచ్చుకోరు. వదిలేస్తే మాత్రం మొహాన ఉమ్మేస్తారు."

వదిన అతనికేసి చూసింది. ఈ మాట ఎన్నాళ్ళనుంచి లోపల పెట్టుకున్నాడో.

"వాడు పుట్టిన రోజునుంచి నేను వాడి అన్నయ్యనే. ఇంకేదీ కాలేకపోయాను. ఆడుకోడానికి వెళ్తుంటే 'తమ్ముణ్ణి తీసుకెళ్ళు' అనేవాళ్ళు. బళ్ళో వాణ్ణి ఎవరైనా కొడితే వెళ్ళి నేను తన్నులు తినాలి. మూడు సంబంధాలవాళ్ళు వచ్చి, వాణ్ణి చూసి, మంచినీళ్ళయినా తాగకుండా లేచిపోయారు. నువ్వొక్కదానివే లేవలేదు." నేలని చూస్తూ అన్నాడు. "ఒక్కసారి. బతుకులో ఒక్కసారి నా కోసం ఒక ఊరు కావాలనుకున్నాను."

"అయితే వాడెక్కడికెళ్తాడు?"

"పిన్ని కొడుకుతో మాట్లాడాను. మన దేశంలో, వాడి ఊరికి దగ్గర్లోనే ఒక ఆశ్రమం ఉంది. ఇలాంటివాళ్ళ కోసమే. శుభ్రంగా ఉంటుందట. తోట కూడా ఉందట."

"నిద్దట్లో మూర్ఛొస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టే మనిషున్నాడా అక్కడ?"

అతను గోటి కింద గ్రీజు గీకసాగాడు.

"అడిగారా? పోనీ, అడగాలని తోచిందా?"

అప్పుడే కింద మెట్ల దగ్గర్నుంచి కేక వినిపించింది. "వదినా! ఓ వదినా!"

ఆ మేడలో అందరికీ ఆమె వదినే. మరిది రోజూ మొదటి మెట్టు మీదనుంచే అలా కేకేస్తూ వస్తాడు గనక, ఆ భాష ముక్క రాని పొరుగువాళ్ళు కూడా అదే ఆమె పేరనుకుని అలాగే పిలవడం మొదలుపెట్టారు. పోనుపోను కట్టుకున్నవాడు కూడా, కోపం లేని రోజుల్లో, ఆ పేరుతోనే పిలిచేవాడు.

ఇద్దరూ గబుక్కున చెరో పక్కకీ జరిగారు. ఆమె పొయ్యి దగ్గరికి వెళ్ళి వెలగని పొయ్యి మీద గిన్నె సర్దింది. అతను పనిముట్ల సంచీలో దేనికోసమో వెతకసాగాడు.

మరిది ఊడిపడ్డట్టే వచ్చాడు. భారీ మనిషి, పొద్దున్నే వదిన కత్తిరించిపెట్టిన మీసం. ఆసుపత్రి చాకిరేవులో దుప్పట్లు మడతపెట్టే పని వాడిది. ఒంటినిండా సబ్బు వాసన.

"అందరికీ చెప్పేశాను వదినా!"

"ఏం చెప్పేశావు నాయనా?"

"రేవుకెళ్తున్నామని! అన్నయ్య చెప్పాడు కదా పొద్దున. కొండ కాదు, రేవేనట. కొండైతే నాకూ వద్దు. రేవులో ఓడలుంటాయి." వాడు అన్న వైపు తిరిగాడు. "అన్నయ్యా, ఓడ ఎక్కనిస్తారా? ఊరికే ఒడ్డున నిలబడి చూడ్డమేనా?"

వదిన భర్త మొహంలోకి చూసింది. పొద్దున్నే చెప్పాడన్నమాట. చెప్పాల్సిన సగం చెప్పి, మిగతా సగం మింగేశాడన్నమాట.

"ఎక్కనిస్తార్లే," అన్నాడతను సంచీలోకి చూస్తూ.

"చూశావా వదినా! మా చాకిరేవు మేస్త్రీ ఎక్కనివ్వరన్నాడు. వాడికేం తెలుసు? నేను రేపు వెళ్ళి వాడి పని చెప్తా."

అతను చేతులు కడుక్కోవడానికి స్నానాలగదిలోకి వెళ్ళాడు. కుళాయి చప్పుడు చాలాసేపు ఆగలేదు. గ్రీజు వదలాలంటే సమయం పడుతుంది, నిజమే. అంతసేపైతే పట్టదు.

* * *

కూతురు తన గదిలో మంచం మీద బోర్లా పడుకుని, ముందు పుస్తకం తెరిచిపెట్టుకుని ఉంది. పేజీ తిప్పడం లేదు. గోడలు పల్చన. అన్నీ వినే ఉంటుంది.

వదిన వచ్చి మంచం అంచున కూర్చుంది.

"అమ్మడూ, నీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"నాన్న చెప్పారా?"

"నేనే అడిగాను. నువ్వెలాగూ అడగవు కదా. నువ్వు 'ఏం చేద్దాం, ఏం చేద్దాం' అంటూ గుమ్మాలు పట్టుకుని నిలబడతావు. ఎవరో ఒకరు తేల్చాలి." పిల్ల లేచి కూర్చుంది. పదిహేడో ఏడు నడుస్తోంది. తండ్రి నుదురే, తండ్రి మొండితనమే. "కొండ మీద కాలేజీ లేదమ్మా. దగ్గరున్న కాలేజీకి వెళ్ళాలంటే నేను వేరే ఊళ్ళో ఒక్కదాన్నే ఉండాలి. రేవులో నేను చదవాలనుకున్న చదువుంది. సీటూ వచ్చింది. నా సంగతి నీకసలు గుర్తుందా?"

"గుర్తులేకేం?"

"గుర్తుంటే ఈ నాలుగు వారాల్లో నా పేరు ఎన్నిసార్లెత్తావు? చిన్నాన్న మందులు, చిన్నాన్న నిద్ర, చిన్నాన్నకి కొండగాలి పడుతుందా లేదా..."

"వాడికి మనం తప్ప ఎవరున్నారే?"

"నాకు మాత్రం ఎవరున్నారు?"

వదిన చెయ్యి చాచింది. పిల్ల ఆ చెయ్యి పట్టుకోలేదు. అలాగని విదిలించుకోనూ లేదు. దాని వైపు చూస్తూ, నెమ్మదిగా, ఎప్పట్నుంచో లోపల కూడబెట్టుకున్నట్టు అంది.

"చిన్నాన్నంటే నాకు ఇష్టం లేదనుకోకు. నాకు జడ వెయ్యడం నేర్చుకుంది నాన్న కాదు, చిన్నాన్న. కానీ అమ్మా, నువ్వు కొండ అంటే నీకదో పదేళ్ళు, పదిహేనేళ్ళు. మీరిద్దరూ పోయాక ఆయన్ని చూడాల్సింది నేను. నా పెళ్ళిచూపులకొచ్చినవాళ్ళు కూడా మంచినీళ్ళు తాక్కుండా లేచిపోతారు. నన్నొక్కసారైనా అడిగారా ఎవరైనా, నీకిది సమ్మతమేనా అని?"

వార్డులో ఎంతోమందికి ఎన్నో ధైర్యాలు చెప్పిన మనిషి. కన్నకూతురి ముందు దుప్పటి ముడతలు సరిచేస్తూ కూర్చుంది. పిల్ల చెప్పినదాంట్లో అబద్ధమేదీ లేదు. అదే వచ్చిన చిక్కు.

"పడుకో," అంది చివరికి, సాయంత్రపు ఎండ ఇంకా కిటికీ దిగకముందే. అని తనే లేచొచ్చేసింది.

అత్తగారు పోయేటప్పుడు ఈ పిల్లాణ్ణి చూసుకొమ్మని ఆమె చేతుల్లో పెట్టి మాటేమీ తీసుకోలేదు. ఆవిడ ఉన్నపళంగా పోయింది. అప్పగింతలకి వ్యవధి ఎక్కడిది? కర్మలన్నీ అయిన మర్నాడు, పన్నెండేళ్ళవాడు ఒంటికాలి చెప్పుతో కుంటుకుంటూ వచ్చి కొత్త వదిన ముందు నిలబడి పాదం చాచాడు, రెండో చెప్పు పట్టీ పెట్టమని. ఆమె పెట్టింది. అంతే. ఆ రోజు కాదన్నా ఎవరూ ఏమీ అనేవాళ్ళు కారు.

* * *

మర్నాడు వార్డుకి సెలవు పెట్టి మరిదిని తీసుకుని బస్సెక్కింది. ఎక్కడికని వాడడగలేదు. వదినతో బయల్దేరడమే వాడికి ఊరేగింపు.

ప్లీడరమ్మ ఆఫీసు చెప్పులు కుట్టే దుకాణం పైన ఇరుకు గది. ఈ ఊళ్ళో వాళ్ళ భాష మాట్లాడే ప్లీడరు ఆవిడొక్కతే. అందుకే గది బయట నడవా నిండా ఎప్పుడూ మనుషులు, ఎక్కడికెళ్ళాలో తెలియని మొహాలు. వాళ్ళ వంతు వచ్చేసరికి ఆవిడ డబ్బాలోంచి అన్నం తింటోంది.

"కూర్చోమ్మా. తింటూ మాట్లాడతాను, ఏమనుకోకు."

మరిదిని నడవాలో చేపలతొట్టి దగ్గర కూర్చోబెట్టి వచ్చింది వదిన.

"మావారిని రేవుకి వెళ్ళనీండి. అమ్మాయిని తీసుకెళ్ళనీండి. నేను వాణ్ణి తీసుకుని కొండకెళ్తాను. దారుందా చెప్పండి."

ప్లీడరమ్మ ముద్ద అలాగే పట్టుకుని ఆగిపోయింది.

"మీరిద్దరూ విడిపోతున్నారా?"

"లేదండీ. అదేం మాట! వేరువేరుగా ఉంటాం, అంతే."

"ఏ దేశపు ఏ ఆఫీసరైనా ఆ రెండింటికీ తేడా ఏంటని అడుగుతాడు. నాకైనా తెలియదు, నీకు తెలిస్తే చెప్పు." ఆవిడ ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి, నీళ్ళు తాగింది. "అది పక్కనపెట్టు. మీ మరిది నీకు రక్తసంబంధం కాదు. మీ ఆయన వెంట ఉంటేనే మీ మరిది నీ కుటుంబం. ఆయన లేకుండా అతను నీకు పరాయివాడు."

"పరాయివాడా?"

"చట్టానికమ్మా. నాకు కాదు."

ఆ మాట వదినకి మింగుడుపడలేదు. ఇరవై ఏళ్ళకి పైగా వాడి మీసం కత్తిరించి, వాడి నాలుక తెగకుండా దవడ పట్టుకుని, వాడి పక్కబట్టలు మార్చిన చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ఒక్క దారి లేకపోలేదు," అంది ప్లీడరమ్మ డబ్బా మూత పెడుతూ. "సంరక్షకురాలిగా నిన్ను వేయించొచ్చు. మీ ఆయన ఒప్పుకోవాలి. ఒప్పుకుంటాడంటావా?"

"ఒప్పుకుంటారు."

ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో ఆమెకే ఆశ్చర్యమేసింది.

"అంతకంటే ముఖ్యం, మీ మరిది ఒప్పుకోవాలి. నోరున్న మనిషి, మేజరు. ఎవరి దగ్గరుంటావని ఆఫీసరు నేరుగా అతన్నే అడుగుతాడు. ముందు నేనే అడుగుతాను. నిజం చెప్పి తీసుకురా. నేర్పించి తీసుకొస్తే ఇట్టే పట్టేస్తారు, నేనే పట్టేస్తాను."

నడవాలో మరిది చేపల్ని చూస్తూ వాటిలాగే నోరు తెరిచి మూస్తున్నాడు. పక్కన కూర్చున్న ముసలాయన నవ్వుతున్నాడు.

"చిన్నోడా, ఇలా చూడు," అంది వదిన, వాడి పక్కన బెంచీ మీద కూర్చుని. "నీకొకటి చెప్పాలి. కోప్పడకుండా విను. రేవులో నిన్ను రానివ్వరట."

వాడు చేపల మీదనుంచి చూపు తిప్పాడు. "ఎవరు?"

"ఆ దేశంవాళ్ళు. అన్నయ్యనీ, అమ్మడినీ రానిస్తారు. నన్నూ రానిస్తారు. నిన్ను వద్దన్నారు."

"ఎందుకు?"

"నీకు మూర్ఛలొస్తాయి కదా. అందుకని."

"మందేసుకుంటున్నాను కదా!"

"వేసుకుంటున్నావు నాయనా. వాళ్ళు అది చూడరు."

వాడు కాసేపు ఆలోచించాడు. వాడు ఆలోచించేటప్పుడు నుదురంతా ముడతలు పడుతుంది, బరువెత్తేవాడిలాగా.

"అన్నయ్య తీసుకెళ్తానన్నాడు."

"అన్నాడు. నీతో చెప్పలేక అన్నాడు. అందుకని మనిద్దరం కొండకి వెళ్దాం. నువ్వూ నేనూ. అన్నయ్య వాళ్ళు రేవుకెళ్తారు. అప్పుడప్పుడూ..."

"నువ్వబద్ధం చెప్తున్నావు."

ఆ మాట ఎప్పుడూ వాడి నోట వినలేదామె.

"లేదురా."

"నీకు కొండ ఇష్టం. మొదట్నుంచీ కొండే అంటున్నావు. నేను ఓడలు చూడ్డం నీకిష్టం లేదు. అందుకే నన్ను అన్నయ్య దగ్గర్నుంచి తీసుకుపోతున్నావు." వాడి గొంతు పెరిగింది. నడవాలో అందరూ ఇటు తిరిగారు. "అన్నయ్య నన్నెప్పుడూ వదిలిపెట్టలేదు. బళ్ళో కొడితే అన్నయ్యే వచ్చాడు. నువ్వు రాలేదు!"

"అప్పటికి నేనింకా మీ ఇంటికి రాలేదు కదురా."

"రాలేదు! అదే చెప్తున్నా!"

తలుపు తెరిచి ప్లీడరమ్మ నిలబడింది. వాణ్ణి లోపలికి పిలిచి, ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టి, చిన్నపిల్లల్ని అడిగినట్టు కాకుండా పెద్దమనిషిని అడిగినట్టే అడిగింది.

"నువ్వెవరితో ఉంటావు బాబూ? మీ అన్నయ్యతోనా, మీ వదినతోనా?"

వదిన నేలవైపు చూసింది. ఏ సైగా చెయ్యకూడదనుకుంది. చెయ్యలేదు.

"అన్నయ్యతో," అన్నాడు మరిది. తడుముకోలేదు.

ప్లీడరమ్మ మరో రెండు రకాలుగా అడిగింది. రెండు సార్లూ అదే జవాబు. ఆవిడ కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టింది.

తిరుగు బస్సులో వాడు ఆమె పక్కన కూర్చోలేదు. రెండు వరసల ముందు కిటికీ పక్కన కూర్చుని, దిగేదాకా వెనక్కి తిరగలేదు. వాడి మెడ వెనక జుట్టు పెరిగింది, కత్తిరించాలి అనుకుంది వదిన. అనుకుని, కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

* * *

సాయంత్రం అతను వచ్చేసరికి మరిది తన గదిలో తలుపేసుకుని ఉన్నాడు. కూతురు వంటింట్లో బల్లమీద కంచాలు పెడుతోంది. నిన్నటినుంచీ తల్లీకూతుళ్ళ మధ్య అవసరమైన మాటలు తప్ప లేవు.

"ప్లీడరమ్మ దగ్గరికెళ్ళొచ్చాను," అంది వదిన. "నేను వాణ్ణి తీసుకుని కొండకి వెళ్తానని అడిగాను."

అతను కుర్చీ వెనక చెయ్యి ఆనించి నిలబడ్డాడు. మొహంలో రంగులు మారాయి. కోపమో, ఉపశమనమో, రెండూనో. "నన్నొదిలేసా?"

"మీరు వాణ్ణి వదిలేస్తే నేను మిమ్మల్నొదిలెయ్యకూడదా?"

కూతురి చేతిలో గ్లాసు బల్ల మీద టక్కున కూర్చుంది.

"ఏమన్నారు?" అన్నాడతను.

"వాణ్ణడిగారు. ఎవరితో ఉంటావని."

"ఏమన్నాడు?"

"మీతోనేనట."

అతను కుర్చీలో కూలబడ్డాడు. రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. భుజాలు కదిలాయి కానీ చప్పుడు లేదు. వదిన దగ్గరికి వెళ్ళలేదు. వెళ్ళాలని లేక కాదు.

"మూడుసార్లడిగింది," అంది మళ్ళీ, ఎందుకో. "మూడుసార్లూ మీతోనే అన్నాడు. అన్నయ్య నన్నెప్పుడూ వదల్లేదన్నాడు."

"చాల్లే."

"ఇక మీరే చెప్పండి వాడికి. నేను చెప్తే అబద్ధమంటున్నాడు. వెళ్ళండి. మీ నోటితో మీరే చెప్పండి."

అతను లేచాడు. మొహం తుడుచుకున్నాడు. తమ్ముడి గది తలుపు తీసి లోపలికి వెళ్ళాడు, తలుపు దగ్గరగా వేశాడు. గోడలు పల్చనే.

లిఫ్టుల్లో ఇరుక్కుపోయినవాళ్ళతో బయటనుంచి మాట్లాడే గొంతొకటి ఉంటుంది అతనికి. 'ఏం లేదు, భయపడకండి, అయిపోయింది, ఒక్క క్షణం' అనే గొంతు. పని ఇంకా మొదలుపెట్టకపోయినా అయిపోయిందనే అంటాడు. లేకపోతే లోపలున్నవాళ్ళు తలుపులు బాదుకుని చస్తారని చెప్పేవాడు. ఇప్పుడు గోడకవతల్నుంచి వినిపిస్తున్నది ఆ గొంతే.

"ఒరేయ్, వదిన మీద కోపమా? వదినకి సరిగా తెలీదురా. రానివ్వకపోవడమేంటి, రానిస్తారు. కాకపోతే అందరం ఒకేసారి వెళ్ళడానికి లేదు. ముందు నువ్వు. నువ్వు విమానమెక్కి వెళ్ళిపోతావు. అక్కడ తోటున్న ఇల్లొకటి చూసిపెట్టాం. అందులో ఉంటావు. మేం ఇల్లు ఖాళీచేసుకుని వెనకాలే వస్తాం."

"నేనే ముందా?"

"నువ్వే ముందు."

"అమ్మడికంటే ముందా?"

"అందరికంటే."

వంటింట్లో తల్లీకూతుళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. రెండు రోజుల్లో అదే మొదటిసారి.

తలుపు భళ్ళున తెరుచుకుంది. మరిది మొహం వెలిగిపోతోంది. సరాసరి వచ్చి వదిన రెండు చేతులూ పట్టుకున్నాడు.

"వదినా, నేనే ముందట! నిజమేనా?"

వాడి వెనక, గుమ్మంలో, అతను నిలబడి ఉన్నాడు. ఆమెకేసి చూస్తున్నాడు. బతిమాలుతున్నాడా, బెదిరిస్తున్నాడా అంటే చెప్పలేం. ఆమె ఒక్క మాట అంటే చాలు. కాదంటే వాడు మళ్ళీ అబద్ధమంటాడు, మళ్ళీ తలుపేసుకుంటాడు. పొద్దున అంతా నిజమే చెప్పింది. నిజం చెప్పి వాణ్ణి పోగొట్టుకుంది. ఇప్పుడీ రెండు చేతులూ ఆమె చేతుల్లో ఉన్నాయి, సబ్బు వాసనతో, వెచ్చగా.

"నిజమే నాయనా," అంది వదిన.

"మరి పొద్దున ఎందుకబద్ధం చెప్పావు?"

"పొరపాటైంది," అంది.

"పోనీలే," అన్నాడు వాడు పెద్దరికంగా. అంతలోనే మొహం చిన్నబోయింది. "అన్నయ్యా, విమానంలో మూర్ఛొస్తే? నేనొక్కణ్ణే ఎలా వెళ్ళను?"

అతను ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే ఆ మాట అనేవాడు కాదేమో.

"ఒక్కడివే ఎందుకెళ్తావు? వదిన తీసుకెళ్తుంది. నిన్ను దింపి, అన్నీ సర్ది, మళ్ళీ వచ్చేస్తుంది. ఆ తర్వాత మేమంతా కలిసి వస్తాం."

ఆ పని ఆమె చేతులమీదుగానే జరగాలన్నమాట. ఓడలున్న ఊరని చెప్పి తీసుకెళ్ళి, ఓడలూ సముద్రమూ లేని చోట, తోటలో, వాణ్ణి నిలబెట్టి వెనక్కి తిరిగి నడవాల్సింది ఆమే.

వదిన భర్త మొహంలోకి చాలాసేపు చూసింది. ఆమె అరుస్తుందని అతననుకున్నాడు. కూతురూ అదే అనుకుంది.

"సరే," అంది వదిన. "నేనే తీసుకెళ్తాను."

అతను పట్టిన ఊపిరి వదిలాడు. "అంతే. అదే మంచిది. పది రోజుల్లో అయిపోతుంది," అంటూ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మరిది అప్పటికే కంచం ముందు కూర్చుని, విమానంలో కిటికీ పక్కన ఎవరు కూర్చోవాలో తేల్చేస్తున్నాడు.

వదిన వడ్డించడం మొదలుపెట్టింది. ముందు మరిదికి, తరవాత భర్తకి. కూతురి కంచం దగ్గరికొచ్చేసరికి ఆ పిల్ల తల్లి మణికట్టు పట్టుకుంది, గట్టిగా, గరిటె కదలకుండా.

"అమ్మా," అంది మెల్లగా, తండ్రికి వినపడకుండా. "తీసుకెళ్తానన్నావు. తిరిగొస్తానని నువ్వనలేదు."

వదిన ఆ పిల్ల కళ్ళలోకి చూడలేదు.

"అన్నం చల్లారిపోతోంది," అంది. "తిను."